విరాటరాజు దిబ్బ, సమ్మక్క గద్దె

మా అమ్మమ్మది నేలకొండపల్లి. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఊరి బయట దిబ్బలు చూపించి "అది విరాటరాజు కోటరా, అదుగో అది కీచకగుండం, భీముడు వాణ్ణి చంపి అందులోనే పడేసింది" అని చెప్పేది. నేను నమ్మాను. ఊళ్ళో అందరూ నమ్మేవాళ్ళు. ఇప్పటికీ ఆ పేర్లతోనే పిలుస్తారు.

1970ల్లో పురావస్తు శాఖ వాళ్ళు ఆ దిబ్బల్ని తవ్వడం మొదలుపెడితే విరాటరాజు బయటపడలేదు. బుద్ధుడు బయటపడ్డాడు. ఇటుకలతో కట్టిన పెద్ద స్తూపం, విహారాల పునాదులు, బావులు, సున్నపురాతి బొమ్మలు, ఒక కంచు బుద్ధుడు. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల నాటి బౌద్ధక్షేత్రం అన్నారు. అంటే ఏమిటి? ఎక్కడెక్కడి నుంచో జనం నడిచొచ్చి ప్రదక్షిణ చేసిన చోటు ఒకటి ఇక్కడుండేది. ఆ జనం పోయారు. ఎప్పుడు పోయారో, ఎట్లా పోయారో చెప్పేవాళ్ళు కూడా పోయారు. దిబ్బ మిగిలింది. తర్వాత వచ్చినవాళ్ళు, పాపం వాళ్ళ తప్పు కాదు, తమకు తెలిసిన కథల్లోంచి ఒక పేరు తీసి దానికి పెట్టుకున్నారు.

ఒక పవిత్రస్థలం తన మనుషుల్ని పోగొట్టుకుంటే ఏమవుతుందో నాకు మొదట తెలిసింది ఈ దిబ్బ దగ్గరే. మనుషులుండి, స్థలమూ ఉండి, ఆ రెంటి మధ్యా గీతలు పడితే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. అది తట్టింది మాత్రం చాలా ఏళ్ళ తర్వాత, 2014లో, టీవీలో సింజార్ కొండ మీద దాహంతో చచ్చిపోతున్న యజీదీల్ని చూస్తున్నప్పుడు.

యజీదీల సంగతి మీలో చాలామందికి నాదియా మురాద్ పేరు వల్ల తెలిసే ఉంటుంది. 2018లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న అమ్మాయి. ఉత్తర ఇరాక్‌లో మోసుల్‌కి ఎగువన, కొండల మధ్య లాలిష్ అనే సన్నటి లోయ ఉంది. అక్కడ షేక్ అదీ సమాధి. పన్నెండో శతాబ్దపు మనిషి. ఆ లోయలో చెప్పులు వేసుకుని నడవరు. గడప తొక్కరు, దాటి అడుగేస్తారు. అక్కడి మట్టిని ఊటనీళ్ళతో కలిపి చిన్న చిన్న ఉండలు చేసి ఇంట్లో దాచుకుంటారు. వాళ్ళు కొలిచే నెమలి రూపపు దేవదూతని చుట్టుపక్కలవాళ్ళు సైతాను అనుకున్నారు. ఆ ఒక్క అపార్థం మీద వాళ్ళని వందల ఏళ్ళుగా నరుకుతూ వచ్చారు. తమ మీద జరిగిన ఒక్కో ఊచకోతని వాళ్ళు ఫర్మాన్ అంటారు, లెక్క పెట్టుకుంటారు. డెబ్బై రెండు అయ్యాయనో డెబ్బై మూడు అయ్యాయనో చెబుతారు. 2014 ఆగస్టు 3న సింజార్ మీద ఇస్లామిక్ స్టేట్ చేసిన దాడి ఆ వరసలో చివరిది. వేలమందిని చంపారు. ఆరువేల మందికి పైగా ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఎత్తుకుపోయారు. వాళ్ళలో చాలామంది జాడ ఇవాళ్టికీ లేదు.

ఆ వార్తలు చూసిన వేసవే మా జిల్లాలో ఇంకొకటి జరిగింది. దాన్ని దీనితో పోల్చడం నా ఉద్దేశం కాదు. ఊచకోతకీ గెజిట్ నోటిఫికేషన్‌కీ పోలికేమిటి? కానీ రెండూ ఒకే నెలల్లో జరిగాయి కాబట్టి నా బుర్రలో పక్కపక్కనే పడిపోయాయి. జులై 2014లో పార్లమెంటు ఒక సవరణ చట్టం చేసింది. పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు, కొన్ని పూర్తిగా కొన్ని సగం, ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళిపోయాయి. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుకునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొంత, భద్రాచలం పట్నం వదిలేసి దాని చుట్టూ ఉన్న మండలం. ఎక్కువగా కోయల ఊళ్ళు. నిద్ర లేచేసరికి రాష్ట్రం మారింది.

కోయలకి ఇది కొత్త కాదు. నిజానికి వాళ్ళ చరిత్రలో సగం ఇదే. ఒకసారి భద్రాచలం, రేకపల్లి తాలూకాల సంగతే చూడండి. 1874 దాకా ఈ ప్రాంతం నాగపూర్ నుంచి నడిచే సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. ఆ ఏడు తీసి మద్రాసు ప్రెసిడెన్సీలో, గోదావరి జిల్లాలో కలిపారు. కాగితం మీద ఒక గీత. కానీ గీతతో పాటు పన్నూ మారింది. రేకపల్లి కొండల్లో పోడు మీద శిస్తు ఇంచుమించు మూడింతలు పెరిగింది. అయిదేళ్ళు తిరక్కుండా 1879లో రంపలో తిరుగుబాటు మొదలైతే ఈ కొండలు కూడా అంటుకున్నాయి. మనం పాఠాల్లో రంప పితూరీ అని చదువుకుంటాం, కల్లు మీద పన్ను, ముఠాదారు దౌర్జన్యం అని గుర్తుపెట్టుకుంటాం. సరిహద్దు జరగడం కూడా ఒక కారణమని ఎవరూ పరీక్షలో రాయించరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం. 1959లో భద్రాచలం డివిజన్‌ని తెచ్చి ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో చాలా భాగం మళ్ళీ తూర్పుగోదావరికి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. కోయ ముసలమ్మ ఎవరైనా గుమ్మంలో కూర్చుని ఉంటే, ఆమె కదలకుండానే జిల్లాలు ఆమె మీదుగా నడిచిపోయాయి.

యజీదీలు చెల్లాచెదురైనవాళ్ళు అంటాం. నిజమే. జర్మనీలోనే రెండు లక్షలమంది ఉంటారని అంచనా, ఆర్మేనియాలో, జార్జియాలో ఊళ్ళున్నాయి. కోయలు అట్లా దేశాలు పట్టుకుని పోలేదు. ఉన్నచోటే ఉన్నారు. తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా అని నాలుగు ముక్కలయ్యారు. తమని తాము కోయ్‌తూర్ అనుకునేవాళ్ళు ఒక రాష్ట్రంలో కోయ, ఇంకో రాష్ట్రంలో మురియా, దోర్లా. 2011 జనాభా లెక్కల్లో మా భాష కోయ అని చెప్పినవాళ్ళు నాలుగు లక్షల పైచిలుకే. తెలుగు బడికి పోయినవాడు తెలుగు చెప్పాడు, హిందీ బడికి పోయినవాడు హిందీ చెప్పాడు.

మరి ఇన్ని ముక్కల్ని కలిపి కుట్టేది ఏది? మేడారం.

మేడారం గురించి తెలుగువాళ్ళకి నేను చెప్పేదేముంది అనుకుంటాను గానీ, మనకి తెలిసిన మేడారం వేరు. రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి, ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో జరిగే జాతర. కోటిమంది దాటారని ప్రభుత్వం చెప్పే లెక్క, ట్రాఫిక్ జాములు, హెలికాప్టర్ టికెట్లు, జంపన్నవాగులో స్నానాలు, నిలువెత్తు బెల్లం. ఆ బెల్లాన్ని అక్కడ బెల్లం అనరు, బంగారం అంటారు. మా తాతకి పాలేరు నీళ్ళ కింద చెరకుండేది. గానుగ ఆడిన ఏడు మొదటి దిమ్మ అమ్మేవాడు కాదు, "అది సమ్మక్కది" అని పక్కన పెట్టేవాడు. నూట యాభై కిలోమీటర్ల పైనే దూరం. కోయ కులంతో సంబంధమే లేని ఇల్లు మాది. అయినా ఆ దిమ్మ మీద చెయ్యి వేస్తే వీపు మోగేది.

జాతర అసలు తంతు చూడండి, ఎంత కోయదో తెలుస్తుంది. విగ్రహం లేదు. గోపురం లేదు. గద్దెలు, వెదురు కర్రలు, ఒక కుంకుమ భరిణ. కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు నడిచొస్తారు. మర్నాడు చిలకలగుట్ట మీదికి కోయ పూజారులు ఎక్కి సమ్మక్కని తీసుకొస్తారు. ఆమె గుట్ట దిగేటప్పుడు జిల్లా ఎస్పీ గాల్లోకి తుపాకీ పేల్చి వందనం చేస్తాడు. నేను మొదటిసారి ఆ చప్పుడు విన్నప్పుడు ఉలిక్కిపడ్డాను. కరువులో కప్పం కట్టలేమన్నందుకు రాజు సైన్యం వచ్చి చంపిన ఆడమనిషి ఆమె. ఆ కథ విన్నవాడికి రాజ్యం తుపాకీ ఎత్తి ఆమెకి దండం పెట్టడం చూస్తే ఎట్లా ఉంటుంది? పక్కనున్నవాళ్ళు మాత్రం ఒళ్ళు మరిచి "సమ్మక్క తల్లో" అని కేక వేస్తున్నారు. పూనకం నాకు రాలేదు కానీ గొంతులో ఏదో అడ్డం పడింది.

కథ అన్నాను. ఏ కథ? మనందరికీ తెలిసింది కాకతీయ ప్రతాపరుద్రుడి కథ. మేడరాజు, కప్పం, యుద్ధం, సంపెంగవాగులో జంపన్న ప్రాణం విడిచి వాగు ఎర్రబడడం, వెన్నుపోటు తిన్న సమ్మక్క చిలకలగుట్టలో మాయమైపోవడం, నాగవృక్షం కింద కుంకుమ భరిణ దొరకడం. సినిమాగా, బుర్రకథగా, బస్టాండు పుస్తకంగా ఈ కథ తిరిగింది. కానీ కోయలకి తమ చరిత్ర చెప్పుకునే ఏర్పాటు తమకే ఒకటుంది. డోలీలు అనే గాయకులు, పడిగె అనే గుడ్డ. పొడవాటి త్రికోణపు బట్ట మీద వేల్పులు, గట్టు పెద్దలు, గుర్రాలు, యుద్ధాలు, వలసలు బొమ్మలుగా కుట్టి ఉంటాయి. ఇలవేల్పు పండగకి పడిగెని బయటికి తీస్తారు, డోలీ కొడుతూ రాత్రంతా వంశం కథ పాడతారు. మూడో గట్టు, నాలుగో గట్టు, అయిదో గట్టు అని కోయలు ఎంచుకునే వరసంతా ఆ పాటల్లో ఉంటుంది. ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరింటి పిల్లని చేసుకోవచ్చు అన్నది కూడా ఆ పాటే చెబుతుంది. జయధీర్ తిరుమలరావు లాంటి వాళ్ళు ఈ డోలీల వెంట తిరిగి రికార్డు చేయబట్టి బయటివాళ్ళకి కాస్తయినా తెలిసింది. మణుగూరు దగ్గర కూనవరం వాసి సకిని రామచంద్రయ్యకి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. కంచుమేళం వాయిస్తూ సమ్మక్క కథని కోయలోనూ తెలుగులోనూ పాడగలిగినవాడు. 2024లో చనిపోయాడు. ఆయనతో పాటు ఎన్ని గంటల పాట పోయిందో లెక్కగట్టే పద్ధతి మన దగ్గర లేదు.

యజీదీలకీ అచ్చం ఇట్లాంటి ఏర్పాటే ఉండేది. వాళ్ళకి గ్రంథం కంటే పాట ముఖ్యం. కవాల్‌లు అనే గాయకులు డప్పూ వేణువూ పట్టుకుని, సంజక్ అనే కంచు నెమలిని మోసుకుని, లాలిష్ నుంచి బయల్దేరి ఊరూరా తిరిగేవాళ్ళు. లాలిష్‌కి రాలేనివాళ్ళ దగ్గరికి లాలిషే వెళ్ళేదన్నమాట. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత కొత్త సరిహద్దులు పడేసరికి కాకసస్ వైపు ఆ యాత్ర ఆగిపోయింది. అంతకుముందే, 1892లో, ఒమర్ వహ్బీ పాషా అనే ఒట్టోమన్ సేనాని లాలిష్‌నే పట్టుకున్నాడు. నెమళ్ళని ఎత్తుకుపోయారు, షేక్ అదీ సమాధి దగ్గర మదర్సా నడిపారు. కొన్నేళ్ళకి యజీదీలు మళ్ళీ తెచ్చుకున్నారు. నేలకొండపల్లి దిబ్బకి జరిగింది లాలిష్‌కి జరగకపోవడానికి కారణం ఒక్కటే. పేరు మారిపోయేలోపు పాత పేరు గుర్తున్నవాళ్ళు తిరిగి రాగలిగారు.

బయటివాళ్ళు ఎట్లా చూశారన్న దాంట్లో కూడా పోలికుంది. ఆస్టిన్ హెన్రీ లేయర్డ్ 1840ల్లో నినెవే తవ్వడానికి పోయి, లాలిష్ పండగకి హాజరై, వీళ్ళు సైతాను భక్తులేం కాదు, మర్యాదస్తులని రాశాడు. మన దగ్గర దుమ్ముగూడెం మిషన్‌లో ఉన్న జాన్ కెయిన్ అనే పాదిరీ 1870ల్లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల గురించి వ్యాసాలు రాశాడు, లూకా సువార్తని కోయలోకి తెచ్చాడు. వీళ్ళ పక్షపాతాలు వీళ్ళకున్నాయి, కాదనను. కానీ పక్క ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళం మనమేం రాశాం? హైదరాబాదు బస్టాండులో నెమలి ఈకలు పెట్టుకుని "కోయదొర జోస్యం" చెప్పే మనిషి, సినిమాలో "జింగాలే" అంటూ గెంతే గుంపు, చాలాకాలం మన ఊహలో కోయ అంటే అదే. ఒక జాతికి జోస్యం అంటగట్టడం సైతానుని అంటగట్టినంత ప్రమాదం కాకపోవచ్చు. తేలిక మాత్రం అంతే.

మా ఊరికీ భద్రాచలానికీ ఉన్న చుట్టరికం ఇక్కడ చెప్పకపోతే నేలకొండపల్లి వాళ్ళు ఊరుకోరు. కంచర్ల గోపన్నది మా ఊరే. పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉండి రాముడికి గుడి కట్టించి గోల్కొండ జైలుకి పోయిన రామదాసు. కానీ ఆయనకంటే ముందు ఆ కొండ మీద రాముణ్ణి కనిపెట్టి, పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క, భద్రిరెడ్డిపాలెం కోయ స్త్రీ. స్థలపురాణమే ఈ మాట ఒప్పుకుంటుంది. రామదాసు పేరు మీద సినిమాలొచ్చాయి, ఉత్సవాలున్నాయి. దమ్మక్క పేరు మీద భద్రాచలంలో ఏడాదికోసారి ఒక సేవాయాత్ర ఉంది. గుడి మిగిలింది, కనిపెట్టిన మనిషి ఫుట్‌నోట్ అయింది. మేడారం అట్లా కాలేదు. గుట్ట ఎక్కేది ఇంకా కోయ పూజారే. 1996లో రాష్ట్ర పండగ చేశారు, హుండీ దేవాదాయ శాఖ లెక్కపెడుతుంది, అయినా భరిణ ఎక్కడ దాచిందీ ఎస్పీకి తెలియదు.

ఇంతవరకూ రాస్తే ఇది గర్వపడాల్సిన కథలానే ఉంది. ఇక్కడి నుంచి కాదు.

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్ బస్తర్ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకి వ్యతిరేకంగా అని చెప్పి ఆదివాసీ కుర్రాళ్ళకే తుపాకులిచ్చారు. ఇటు జుడుం ఊళ్ళు తగలబెట్టింది, అటు ఇన్‌ఫార్మర్ అని మావోయిస్టులు చంపారు. వందల ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 2011 జులై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధం అని తీర్పు చెప్పేసరికి ఊళ్ళొదిలినవాళ్ళు చాలామంది గోదావరి ఇవతలికొచ్చేశారు. ఖమ్మం, వరంగల్ అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఇక్కడివాళ్ళు వాళ్ళకి గొత్తికోయలు అని పేరు పెట్టారు.

ఇప్పుడు వాళ్ళెవరు? సరిహద్దుకి అవతల షెడ్యూల్డ్ తెగ. ఇవతల కాదు. ఎందుకంటే ఎస్టీ జాబితా రాష్ట్రం రాష్ట్రానికి వేరు. తెలంగాణ జాబితా తీసి చూడండి: కోయ, డోలి కోయ, గుట్ట కోయ, కమ్మర కోయ... గుట్ట కోయ ఉంది, గొత్తి కోయ లేదు. రెండక్షరాల తేడా. ఆ తేడాలో పోడు పట్టా ఉంది, కులం సర్టిఫికెట్టు ఉంది, హాస్టలు సీటు ఉంది. మేడారం గద్దె ముందు ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు, ఎమ్మార్వో ఆఫీసు ముందు ఒకడు గిరిజనుడు, ఒకడు చొరబాటుదారుడు.

స్థానిక కోయల కోపం నాకు అర్థం కాకపోలేదు. ఉన్న అడవి తరిగిపోతోంది, తమ పోడు పట్టాలకే దిక్కు లేదు, మధ్యలో ఇంకొకరు చెట్లు కొట్టి విత్తనం చల్లుకుంటే ఎవరికి నొప్పి? 2022 నవంబరులో చంద్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర ప్లాంటేషన్ గొడవలో ఒక అటవీ అధికారిని గొత్తికోయలు నరికి చంపారు. ఘోరం. ఆ తర్వాత అక్కడి గ్రామసభ ఆ గొత్తికోయ గుంపు మొత్తాన్నీ ఛత్తీస్‌గఢ్‌కి పంపేయాలని తీర్మానం చేసింది. నేరం చేసినవాడికి శిక్ష సరే, తీర్మానం మాత్రం అందరి మీదా పడింది.

లాలిష్‌లో కూడా ఇట్లాంటి ఘడియే వచ్చింది. యజీదీల్లో బయటివాళ్ళని పెళ్ళి చేసుకుంటే, మతం మారితే తిరిగి రావడానికి వీల్లేదు. చెరలో అత్యాచారానికి గురై, బలవంతాన మతం మార్చబడ్డ ఆడవాళ్ళు ఇంటికొస్తే ఏం చెయ్యాలి? వాళ్ళ పెద్ద గురువు బాబా షేక్ శతాబ్దాల కట్టు తెంచి, వాళ్ళు మన బిడ్డలే, తీసుకురండి అన్నాడు. లాలిష్‌లో తెల్ల ఊట దగ్గర వాళ్ళకి మళ్ళీ స్నానం చేయించారు. గొప్ప నిర్ణయం. కానీ 2019లో, ఆ అత్యాచారాల వల్ల పుట్టిన పిల్లల సంగతి వచ్చేసరికి, ఆ పిల్లలు మనవాళ్ళు కారని మతపెద్దల మండలి తేల్చింది. తల్లి లోపలికి, బిడ్డ బయటికి. ఎంతో నలిగిన జాతి కూడా ఎక్కడో ఒకచోట గీత గీయకుండా ఉండలేకపోయింది. మేడారం తల్లి దగ్గర ఆ గీత లేదు, ఎవరైనా బెల్లం పట్టుకుని రావచ్చు. మనం గీసుకున్నవన్నీ గద్దెకి బయటే ఉన్నాయి.

గీతలు దాటడానికి ఎంత ఖరీదు కట్టాలో 2020 ఏప్రిల్‌లో తెలిసింది. ములుగు జిల్లా పేరూరు మిరప చేలల్లో పనికొచ్చిన బీజాపూర్ పిల్ల, పన్నెండేళ్ళది, లాక్‌డౌన్‌లో తోటివాళ్ళతో అడవి దారిన ఇంటికి బయల్దేరింది. మూడు రోజులు నడిచింది. ఊరు దగ్గరపడ్డాక చచ్చిపోయింది. ఆ దారి జాతరకి నడిచొచ్చే దారే.

మా నేలకొండపల్లి చుట్టుపక్కల కూడా ఫిబ్రవరి, మార్చిల్లో మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి ముఠాలు దిగుతాయి. టార్పాలిన్లు కట్టుకుని చేలల్లోనే ఉంటారు. జాతర అయిన ఏడు ఒకసారి మేడారం నుంచి తెచ్చిన బంగారం ఇంటింటికీ పంచమని అమ్మమ్మ పంపితే, చేలో ఉన్నవాళ్ళకీ కొంచెం ఇచ్చాను. మాస్కు బదులు తువ్వాలు ముక్కుకి చుట్టుకున్న ఒక పెద్దామె చెయ్యి చీర కొంగుకి తుడుచుకుని, రెండు చేతులూ పట్టింది. కళ్ళకద్దుకుంది.

"మీరు పోలేదామ్మా ఈసారి?" అన్నాను.

వచ్చీరాని తెలుగులో "మునుపు పోయేది, నడిచి" అంది. ఎన్ని రోజులు పట్టేదో వేళ్ళతో చూపించింది. ముక్కలో సగం నోట్లో వేసుకుని మిగతా సగం కొంగున ముడేసుకుంది, పిల్లలకి కాబోలు. తర్వాత నా వెనకున్న దిబ్బ వైపు చూసి, అదేంటి అని అడిగింది.

"విరాటరాజు కోట" అన్నాను.